వాగు తేటపడిన బుధవారం

తొర్నెల్లాలో వాగు తెల్లగా పారితే రొట్టె, తేటగా పారితే ఏడుపు. ఈ సంగతి ఆ ఊళ్లో ఎవరూ ఎవరికీ నేర్పరు. అక్కడ పుట్టినవాళ్లకు దానంతట అదే తెలిసిపోతుంది.

పైన కొండలో పాలరాయి తీస్తారు. కొండ మొదట్లో ఉన్న మిల్లులో దాన్ని పలకలుగా కోస్తారు. కోసేటప్పుడు రంపం మీద పోసిన నీళ్లు రాతిపొడిని వెంటబెట్టుకుని వాగులోకి దిగుతాయి. మ్యాపుల్లో దాని పేరు ఏదైనా ఊరంతా దాన్ని పాలవాగనే అంటారు. ఆదివారాలూ, ఆగస్టు సెలవులూ అది తేటగానే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. పనిరోజున తేటపడిందంటే మాత్రం మిల్లు ఆగిందన్నమాట. మిల్లు ఆగిందంటే కొండ మీద మనిషి పోయాడన్నమాట. గనిలో ఎవరైనా పోతే మూడుసార్లు బూర ఊదుతారు. అది విన్నవాడు ఏ గనిలో ఉన్నా, మిల్లులో ఉన్నా, పనిముట్టు కింద పెట్టి టోపీ తీసేస్తాడు. ఆ రోజుకి పని లేదు. ఊరు కొండ మలుపు వెనక ఉంది కాబట్టి బూర మోత గానీ, రంపం మోత గానీ అక్కడిదాకా రావు. వాగే వస్తుంది.

అందుకని ఇంకో కట్టుబాటు ఉండేది. కరెంటు పోయో, బెల్టు తెగో రంపం ఆగితే, మిల్లు నుంచి ఒకరు ఊరి వంతెన దాకా పరిగెత్తి "కరెంటే! కరెంటే!" అని అరవాలి. ఒకసారి గుమాస్తాని పంపితే ఆయన ఆయాసంతో మాట పెగలక వంతెన మీద చేతులూపుతూ నిలబడ్డాడు. ఆయన్ని చూసి ముగ్గురు ఆడవాళ్లు ఉన్నచోటే కూలబడ్డారు. అప్పటినుంచి కాళ్ల బలం కాకుండా గొంతు బలం చూసి పంపుతున్నారు.

ఇల్వా గొంతు బలమూ, మొండి బలమూ రెండూ ఉన్న శాల్తీ. నలభై ఒక్క ఏళ్లు. మిల్లు తొమ్మిదిమంది వాటాదారుల సహకార సంఘానిది. దాని మంచీ చెడ్డా చూసే పని అయిదేళ్లుగా ఆమె నెత్తిన ఉంది. ఆ తొమ్మిదిలో ఒక వాటా ఆమెది, ఇంకొకటి ఆమె తండ్రి అత్తిలియోది. ఆమె ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆయన కొండ మీద రాయి జారి మీద పడి పోయాడు. ఆయన వాటా ఇప్పుడు తల్లి ఆర్జియా పేరున ఉంది.

ఆ ఏడాది వసంతంలో పురపాలక సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. వాన పడితే చాలు, ఊళ్లో కుళాయిలు తెల్లగా పారుతున్నాయి. వాగులోంచి కొండ లోపలి ఊటల్లోకి రాతిబురద దిగుతోంది. సంవత్సరాంతానికి మిల్లు బురద ఒక్క బొట్టు కూడా వాగులో కలవకూడదు, కలిస్తే మిల్లుకి తాళం. ఇలాంటి ఉత్తరాలు అంతకుముందూ వచ్చాయి. ఈసారి సంతకం పెట్టింది ఊరుకునే మనిషి కాదు. మిల్లు మూతపడితే తొమ్మిది ఇళ్లు మూతపడ్డట్టే. ఇల్వా తిరగని చోటు లేదు. చివరికి రెండు యంత్రాలు నెల రోజుల పరీక్షకి తెప్పించింది. ఒకటి సన్న తీగలతో రాయి కోసే రంపం, రెండోది బురదలోంచి నీళ్లు పిండేసే మిషను. నెలాఖరుకి వాటాదారులు చేతులెత్తి ఉంచుకోవాలో పంపించాలో తేల్చాలి.

ఆ మిషన్ల పేరెత్తితే మండిపడే మనిషి రిబెల్లో. అరవై ఎనిమిదేళ్లు, పాత రంపం మీద నలభై అయిదేళ్ల అనుభవం. ఆయన తండ్రి రాజులూ వద్దు, చర్చి గురువులూ వద్దు అనే బాపతు మనిషి కాబట్టి కొడుక్కి తిరుగుబాటుదారుడని అర్థం వచ్చే ఆ పేరు పెట్టాడు. ఆ కొడుకు మాత్రం జీవితంలో కొత్త వస్తువు మీద తప్ప దేని మీదా తిరగబడలేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అన్నాడాయన, పిండే మిషను బిగిస్తున్న రోజున. "నీళ్లు మురికి చేయడం దేనికి, వాటిని మళ్లీ పిండి ఆరబెట్టడం దేనికే అమ్మాయ్?"

"అందుకే మావయ్యా తీగ రంపం. తక్కువ తొక్కుతాం, తక్కువ కడుగుతాం."

"తీగతో జున్ను కోస్తారు, రాయి కాదు."

"నీ పాత రంపం రేకు నా చిటికెన వేలంత మందం. పలకకీ పలకకీ మధ్య అంత రాయి పొడి కొట్టి వాగులో పోస్తున్నాం. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది మన పని."

"ఆ ఎలుకే నిన్ను చదివించింది."

ఇల్వా నవ్వేసి ఊరుకుంది.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి రెండూ నడిపారు. తీగలు రాయిలోకి మెత్తగా దిగుతుంటే రిబెల్లో చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. మెచ్చుకోవడం ఇష్టం లేక ముక్కు గోక్కున్నాడు. పాత రంపం మీద నలభై పలకలు దిగే రాయికి నలభై ఆరు దిగాయి. ఆయన రెండుసార్లు లెక్కపెట్టి, మూడోసారి ఇంకొకరి చేత లెక్కపెట్టించాడు. అవతల పిండే మిషను బురదనంతా గుడ్డల మధ్యకి తీసుకుని, బిగించి, పిండి, తెరుచుకుంది. అరచెయ్యంత మందమైన తెల్ల బిళ్లలు దబదబా కింద పడ్డాయి. పిండిన నీళ్లు తొట్టిలోకి ఎక్కి మళ్లీ రంపం మీదికే పోయాయి.

"ఈ బిళ్లల్ని ఏం చేసుకుంటాం? చలికాలంలో కప్పుకుంటామా?" అన్నాడు రిబెల్లో.

"కాగితం మిల్లుకి పోతాయి. పళ్లపొడి చేసేవాళ్లు కూడా అడిగారు."

"అంటే మా తాత చెమటోడ్చిన కొండతో మిలాన్‌లో జనం పళ్లు తోముకుంటారన్నమాట! బాగుంది."

తొమ్మిదిన్నరకి ఇల్వా తన చేత్తోనే వాగులోకి పోయే తూము మూసేసింది. కాసేపటికి ఒడ్డున వంగి చూస్తే అడుగున గులకరాళ్లు కనిపించాయి. ఒక చిన్న చేప కూడా కనిపించిందని తర్వాత చెప్పింది గానీ, అది ఎవరూ నమ్మలేదు. ఆమెకి చిన్నపిల్లలా గంతులెయ్యాలనిపించింది. "మావయ్యా, నీళ్లు చూడు! అద్దంలా లేవూ?" అని కేకేసింది. రిబెల్లో వచ్చి చూసి, నిజమేనన్నట్టు తలాడించాడు. వెనక రంపం ఝుమ్మని మోగుతూనే ఉంది. చెవిలో రంపం మోగుతుంటే చావు గుర్తుకు రాదు. ఇద్దరికీ రాలేదు.

పదీ పావుకి కొండ మీద బూర మోగింది. మూడుసార్లు.

ఇల్వా తమ్ముడు నర్దో పై గనిలోనే పని చేస్తాడు. తండ్రి పోయేనాటికి చంకలో పిల్లాడు, ఇప్పుడు తండ్రి చేసిన పనే చేస్తున్నాడు. ఆమె పరిగెత్తి ఎర్ర మీట నొక్కింది. రంపం ఆగింది, పిండే మిషను ఆగింది. తొమ్మిదేళ్లుగా దేనికీ టోపీ తియ్యని మిల్లు క్రేను డ్రైవరు కూడా తీశాడు. పేరు తెలిసేదాకా ఎవరూ ఎవరినీ అడగకూడదు, నిలబడాలి, అంతే. నిలబడ్డారు. ఇల్వా పెదాలు మాత్రం ఆగకుండా కదిలాయి, వాడు కాకూడదు, వాడు కాకూడదు అని. అంటే ఇంకొకరి ఇల్లు కావాలని కోరుకున్నట్టే. ఆ మాటకి తర్వాత చాలా సిగ్గుపడింది.

కబురు పైనుంచి రావాలి. కింది నుంచి వచ్చింది. డెబ్భై ఏళ్ల ఆర్జియా, కొండదారిన మైలు దూరం, ఇంట్లో వేసుకునే చెప్పులతో ఎక్కి వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు. ఆమె వెనక రొట్టెల కొట్టావిడ, ఆవిడ వెనక ఇంకో ఇరవైమంది.

"నర్దోనా?" అంది ఆర్జియా. ఇంకేమీ అడగలేదు.

"తెలీదమ్మా. ఇంకా చెప్పలేదు."

ఇంతలో రెండు లారీల నిండా గనుల వాళ్లు దిగారు. అందరూ మిల్లు ముంగిట్లో నిలబడి ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

"ఎవరు?" అన్నాడు పై గని మేస్త్రి.

"మమ్మల్నడుగుతావేం? మీ వాడే కదా?" అన్నాడు కింది గని మేస్త్రి.

"మా వాడెందుకు? మా వాళ్లంతా లెక్కకి సరిపోయారు. మీ గనిలో అనుకునే బూర ఊదాం."

"మాకు లారీ డ్రైవరు చెప్పాడు, కొండ మీద ఎవరో పోయారని."

"నాకు రొట్టెల కొట్టావిడ చెప్పింది," అన్నాడు లారీ డ్రైవరు.

"నాకు ఎవరు చెప్పాలి? కళ్లు లేవూ? వాగు తేటపడింది!" అంది రొట్టెల కొట్టావిడ.

అప్పుడు రెండో లారీ వెనక నుంచి నర్దో దిగాడు, చేతిలో సగం తిన్న రొట్టె ముక్కతో. ఆర్జియా వెళ్లి వాడి చొక్కా పట్టుకుని వీపు మీద నాలుగు వాయించింది. "బతికే ఉన్నావా వెధవా! బతికే ఉన్నావా!" అంటూ వాయిస్తూనే ఉంది. వాడు "అమ్మా, రొట్టె పడిపోతుందే" అన్నాడు. అందరికీ నవ్వొచ్చింది. ప్రాణం లేచొచ్చిన నవ్వు.

నవ్వు మధ్యలో రిబెల్లో మెల్లగా తూము వైపు చూశాడు. వాగు వైపు చూశాడు.

"అమ్మాయ్," అన్నాడు, "వంతెన దగ్గరికి ఎవరినీ పంపలేదు కదూ?"

"రంపం ఆగలేదు కదా మావయ్యా!" అంది ఇల్వా. అన్నాక తను ఏం చేసిందో ఆమెకి అర్థమైంది. రంపం ఆగితే మనిషిని పంపాలన్నది కట్టుబాటు. రంపం నడుస్తుండగా వాగు తేటపడే రోజొకటి వస్తుందని ఏ తాతా ఊహించలేదు. తన వాగే చావు కబురు ఊరికి మోసింది, ఊరు దాన్ని కొండకి ఎక్కించింది, కొండ బూర ఊదింది, ఆ బూర విని తనే మిల్లు ఆపి, లేని శవానికి మౌనం పాటించింది.

సగం మంది తిట్టారు, సగం మంది నవ్వారు. ఆర్జియా ఆ రెండూ చెయ్యలేదు. ఒడ్డుకి వెళ్లి నీళ్లకేసి చూసింది.

"నువ్వేనా ఈ పని చేసింది?"

"నేనేనమ్మా. ఇకనుంచి రోజూ ఇలాగే..."

ఆర్జియా మాట పూర్తికానివ్వలేదు. నర్దో లారీలో దింపుతానన్నా ఎక్కకుండా, ఒంటి చెప్పుతో, వచ్చిన దారినే దిగిపోయింది.

మర్నాటి నుంచి ఇల్వా రోజూ పొద్దున్నే వంతెన మీదికి మనిషిని పంపి "పని జరుగుతోంది! అందరూ బాగున్నారు!" అని అరిపించింది. నాలుగు రోజులకి ఊరికి ఒళ్లు మండింది. "ఎవరూ చావలేదని రోజూ చాటింపు వేయించుకోవడానికి మేమేం పాపం చేశాం?" అని ఒకావిడ కిటికీలోంచి నీళ్లు కుమ్మరించింది. కాఫీ కొట్లో ఇల్వా అడుగుపెడితే "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అన్నట్టు చూసేవారు. యంత్రాలు మాత్రం ఎవరి మాటా పట్టించుకోకుండా పని చేశాయి. మిల్లు వెనక విరిగిన రాతిముక్కల దిబ్బ పెరగడం తగ్గింది. బిళ్లల లారీ వారానికి రెండుసార్లు వచ్చి పోయేది. మూడో వారంలో పెద్ద వాన పడ్డా, కుళాయి నీళ్లు ఎప్పుడూ తెల్లబడినంత తెల్లబడలేదు. అది చూసినవాళ్లు చూశారు, చూడదల్చుకోనివాళ్లు చూడలేదు.

తొమ్మిది వాటాల్లో నాలుగు ఉంచుకుందామనే వైపు, నాలుగు పంపిద్దామనే వైపు. తొమ్మిదోది ఆర్జియాది. ఆమె వాగు వైపు కిటికీ మూసేసింది. పట్టపగలు దీపం పెట్టుకుని కూర్చుంటోందని నర్దో వచ్చి చెప్పాడు. "అక్కా, అమ్మ పొద్దున్నే నాకు ఫోన్ చేసి ఊపిరి పీలుస్తున్నావా అని అడుగుతోంది. పైకి నవ్వుతున్నాను గానీ, నాకు భయమేస్తోంది."

ఓటు శనివారం. శుక్రవారం మధ్యాహ్నం ఇల్వా శనగపిండి రొట్టె వేడిగా కట్టించుకుని తల్లి దగ్గరికి వెళ్లింది. ఎలా అడగాలో దారంతా నాలుగు రకాలుగా అనుకుంది. వంటగది చీకటిగా ఉంది. కింద వాగు చప్పుడు వినిపిస్తోంది.

"తిను అమ్మా. చల్లారిపోతుంది."

ఆర్జియా తుంపింది గానీ నోట్లో పెట్టుకోలేదు. "ఆ రోజు నువ్వు నీళ్లు చూసి సంతోషపడ్డావు కదూ?"

"ఏ రోజు?"

"బుధవారం. మిల్లు దగ్గర. సంతోషపడ్డావా లేదా?"

"పడ్డాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?"

"నేనూ పడ్డాను," అంది ఆర్జియా. "మీ నాన్న పోయిన రోజున."

ఇల్వా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేను సముద్రం ఒడ్డు నుంచి వచ్చినదాన్ని. చేపలవాళ్ల పిల్లని. ఈ వాగు సంగతి నాకెవరూ చెప్పలేదు, వీళ్లకి పుట్టుకతో తెలుసు కదా, చెప్పాలని తోచదు. నేను కాపరానికొచ్చిన ఏడేళ్లలో కొండ మీద ఎవరూ పోలేదు. వంతెన మీద కరెంటే అని అరిస్తే, కరెంటు సంగతే చెబుతున్నారనుకునేదాన్ని." ఆమె చేతిలోని రొట్టె ముక్కని అటూ ఇటూ తిప్పింది. "నర్దోకి ఒంట్లో బాగోలేక దుప్పట్లన్నీ పాడుచేశాడు. ఉతకడానికి కిందికి దిగాను. ఆ తెల్లనీళ్లలో ఉతికితే గుడ్డ బిరుసెక్కి అట్టలా నిలబడేది. ఆదివారం తేటగా ఉన్నా, ఆ రోజు ఇక్కడ ఎవరూ బట్టలు ఉతకరు. ఆ రోజు నేను చూస్తుండగానే నీళ్లు తేటపడ్డాయి. మా ఊరి నీళ్లలా. నాకెంత సంతోషమేసిందో తెలుసా? మళ్లీ ఇంట్లోకి పోయి ఉన్న తెల్లగుడ్డలన్నీ తెచ్చాను. నా పెళ్లి దుప్పటి కూడా. పాట పాడుకుంటూ ఉతికాను ఇల్వా. కిటికీల్లోంచి ఆడవాళ్లు నన్ను చూసి లోపలికి తప్పుకున్నారు. రిబెల్లో సైకిల్ మీద వంతెన దాటుతున్నాడు. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూడు అని కేకేశాను. తల దించుకుని తొక్కుకుంటూ పోయాడు. మధ్యాహ్నం మీ నాన్నని చెక్క మీద తెచ్చారు. అప్పటికీ నేను పిండుతూనే ఉన్నాను."

ఆ రోజు ఇంటి ముందు తీగ నిండా తెల్ల దుప్పట్లు ఎగురుతుండటం ఇల్వాకీ గుర్తుంది. అంత్యక్రియలకి అలా ఆరేస్తారేమో అనుకుంది ఆరేళ్ల బుర్ర.

"ముప్ఫై అయిదేళ్లు ఎవరికీ చెప్పలేదు. మొగుడు చస్తే పాట పాడిందంటారని." ఆర్జియా రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేసింది. "ఇప్పుడు పొద్దున లేచి ఆ నీళ్లు చూస్తే మళ్లీ ఆ రోజే. రోజూ ఆ రోజే."

ఇల్వా తల్లి చేతులు పట్టుకుంది. అడగాలనుకున్న నాలుగు రకాల మాటల్లో ఒక్కటీ అడగలేదు. మిల్లు పోతుందేమో, తొమ్మిది ఇళ్లు ఏమవుతాయో, ఆమెకి తెలియక కాదు. ఆ చేతుల్ని పట్టుకుని ఓటు అడగడం ఆమె వల్ల కాలేదు. "నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యెత్తు అమ్మా. ఎత్తకపోయినా సరే," అని చెప్పి వచ్చేసింది. దారిలో ఏడ్చింది. తల్లి కోసం కొంత, మిల్లు కోసం కొంత.

శనివారం సాయంత్రం అయిదింటికి మిల్లు ఆఫీసు గదిలో తొమ్మిదిమందీ కూర్చున్నారు. ఆర్జియా నల్ల కోటు వేసుకుని వచ్చింది. ముందు రిబెల్లో లేచాడు. ఈసారి వెటకారం లేదు.

"తీగ రంపం మంచిదే. ఒప్పుకుంటున్నాను, రాసుకోండి, మళ్లీ ఒప్పుకోను," అన్నాడు. "నీళ్లు మిగులుతున్నాయి, రాయి మిగులుతోంది. నా బాధ అది కాదు. కొండ మీద మనవాడొకడు పోతే ఈ ఊరికి ఎలా తెలుస్తుంది? బూర వినపడదు. ఇన్నేళ్లూ వాగే చెప్పింది. దాని నోరు మూసేస్తే ఎలా?"

ఆ మాట అందరికీ తగిలింది. ఉంచుకుందామనే వైపున్న ఒకతను కూడా తల గోక్కున్నాడు.

"ఎత్తండి," అంది ఇల్వా. ఉంచుకోవడానికి నాలుగు చేతులు లేచాయి, అందులో ఒకటి ఆమెది. వద్దనడానికి నాలుగు. అందరూ ఆర్జియా వైపు తిరిగారు. ఇల్వా మాత్రం తీర్మానాల పుస్తకం వైపే చూస్తూ కూర్చుంది.

ఆర్జియా చెయ్యి ఎత్తలేదు. "ఒకటి అడగాలి," అంది. "ఇక ఆ నీళ్లు రోజూ తేటగానే ఉంటాయా?"

"రోజూ," అంది ఇల్వా.

"మిల్లు నడిచినా, ఆగినా?"

"నడిచినా, ఆగినా."

"మనిషి పోయినా?"

ఇల్వా పుస్తకం మీంచి తల ఎత్తింది. "పోయినా అంతేనమ్మా. తేడా తెలీదు."

"అంటే వాగుని చూస్తే ఏమీ తెలీదు."

"ఏమీ తెలీదు."

"మంచిది," అంది ఆర్జియా. బల్ల పట్టుకుని లేచి నిలబడింది. "అత్తిలియో పోయిన రోజున మిల్లు ఆపారు. గనులు ఆపారు. అందరూ టోపీలు తీశారు. మర్యాదలో ఏ లోపం చెయ్యలేదు మీరు. నా దగ్గరికి వచ్చి చెప్పడానికి మాత్రం ఒక్కడికీ కాళ్లు రాలేదు. వాగు చూసి తెలుసుకుంటుందిలే అనుకున్నారు. నాకు వాగు చదవడం రాదు. మూడు గంటలు బట్టలుతుక్కుంటూ పాటలు పాడాను. నువ్వు చూశావు రిబెల్లో. సైకిల్ మీద పోతూ చూశావు."

రిబెల్లో టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "చూశాను," అన్నాడు. "నీకు తెలిసే, పిచ్చెక్కి పాడుతున్నావనుకున్నాను వదినా. ఆగాలనుకున్నాను. కాళ్లు తొక్కుతూనే ఉన్నాయి."

"నిన్ను తిట్టడానికి చెప్పట్లేదు. ఆ వాగు ఉంది కాబట్టి నువ్వు పోగలిగావు. అందరూ పోగలిగారు. దాని మీద వదిలేశారు. ఇక అది ఏమీ చెప్పకపోతే మనిషే రావాలి కదా. తలుపు కొట్టి, పేరు పెట్టి పిలిచి చెప్పాలి కదా." ఆమె చెయ్యి ఎత్తింది. పూర్తిగా, భుజం నొప్పిని లెక్కచెయ్యకుండా. "తేటగానే పారనీ. రోజూ పారనీ. నేను అలవాటు చేసుకుంటాను. కానీ ఎవరొస్తారో ఇప్పుడే రాయండి. ఎవరో ఒకరు అని కాదు, పేరు రాయండి."

యంత్రానికి ఓటు వేసిన మిగతా ముగ్గురూ బల్ల చెక్కలో ఏదో వెతుక్కుంటున్నారు. రాయి కింద నిలబడమంటే నిలబడతారు, ఇలాంటి తలుపు ముందు నిలబడమంటే ఎవరికీ ధైర్యం లేదు. ఇల్వా కలం తీసింది. కొండ మీద పనిచేసే నలభై ఏడు మంది ఇళ్లూ ఆమెకి తెలుసు. ప్రతి తలుపూ తెలుసు. అందులో తల్లి తలుపు కూడా ఉంది, నర్దో ఇంకా పై గనిలోనే పని చేస్తున్నాడు. అది తలుచుకుంది. అయినా రాసింది.

"ఎవరి పేరు?" అంది ఆర్జియా.

"నాదే."

ఆర్జియా బల్ల మీదికి వంగి ఆ పేరు చూసింది. "గుమ్మంలో నిలబడి చెప్పేసి పారిపోకూడదు. లోపలికి రావాలి, కూర్చోవాలి. ఆవిడ చేతిలో ఏ పని ఉంటే ఆ పని ముందు తీసి పక్కన పెట్టాలి. అప్పుడు చెప్పాలి. అదీ రాయి."

ఇల్వా అదీ రాసింది. అప్పుడు రిబెల్లో గొంతు సవరించుకున్నాడు. ఆయన చెయ్యి యంత్రం వద్దన్న నాలుగింట్లో ఒకటి, అది మారలేదు.

"ఒక్కదానివే ఎలా పోతావు," అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా. "కింద నా పేరు కూడా రాయి."